పస్తులకు లొంగని కణం



టమాట చేనుకు నత్రజని చాలకపోతే ఏ ఆకు ముందు పసుపుబారుతుంది? చేవెళ్ల వైపైనా, మొయినాబాద్ వైపైనా కూరగాయలు పండించే ఏ రైతునడిగినా తడుముకోకుండా చెప్తారు, కింది ఆకు అని. అడుగున ఉన్న ముదురు ఆకులు పాలిపోతాయి, కొసన ఉన్న చిగురు మాత్రం పచ్చగానే ఉంటుంది. చేనుకు యూరియా వేసే వేళయిందని రైతుకు అర్థమవుతుంది. ఆ కింది ఆకులో ఏం జరిగిందో కాస్త ఆగి చూద్దాం. నేల నుంచి నత్రజని అందనప్పుడు మొక్క తన ముదురు ఆకుల్లోని ప్రోటీన్లను తానే విడగొట్టుకుంటుంది. అలా వచ్చిన సరుకును చిగురుకూ గింజకూ పంపుతుంది. ఈ పనిలో కొంత భాగాన్ని ప్రత్యేకంగా కొన్ని జన్యువులు నడిపిస్తాయి. శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో ఆ జన్యువులను చెడగొట్టి చూస్తే, ఆకులు ఇంకా త్వరగా పండిపోయాయి, గింజకు చేరే నత్రజని తగ్గిపోయింది.

ఆ జన్యువులే కొద్దిపాటి తేడాలతో బ్రెడ్డు పిండిని పొంగించే ఈస్ట్‌లో ఉన్నాయి, ఎలుకలో ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. మనలో ఉన్నాయంటే మన ఒంట్లో పుట్టే క్యాన్సర్ గడ్డలోనూ ఉన్నట్టే. ఆకలి వేళ తనను తాను తిని బతికే ఈ నేర్పు క్యాన్సర్ కణానికి ఎలా పనికొస్తుంది, మందుకు లొంగకుండా దాన్ని ఎలా కాపాడుతుంది, ఆ దారిని మూసేయాలని చూసిన వైద్యులకు ఏం ఎదురైంది? ఈ పూట ఈ సంగతులు చెప్పుకుందాం.

ఇప్పుడే ఎందుకు చెప్పుకోవాలంటే, దీనికి ఒక కారణం ఉంది. ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఒక మాట గట్టిగా వినిపిస్తోంది. ఒక్కపొద్దులు ఉంటే ఆటోఫజీ మొదలవుతుందట, క్యాన్సర్ కణాలు వాటంతట అవే మాడిపోతాయట, జపాన్ శాస్త్రవేత్తకు నోబెల్ బహుమతి ఇచ్చింది కూడా ఇది కనిపెట్టినందుకేనట. ఇందులో సగం నిజం ఉంది. కీమో నడుస్తున్న మనిషి అన్నం ముందు నుంచి లేచిపోయేలా చేసేది ఆ సగం నిజమే.

ముందు ఆటోఫజీ అంటే ఏమిటో చూద్దాం. కణం లోపల దెబ్బతిన్న భాగం ఏదైనా ఉంటే, దాని చుట్టూ రెండు పొరల సంచి ఒకటి అల్లుకుంటుంది. ఆ సంచి వెళ్లి లైసోజోమ్ అనే మరో సంచితో కలుస్తుంది. లైసోజోమ్ నిండా అరిగించే ఎంజైములే. లోపల పడ్డ సరుకును అవి చిన్న చిన్న ముక్కలు చేసి వదులుతాయి. కణం ఆ ముక్కలతో కొత్త ప్రోటీన్లు కట్టుకుంటుంది, లేదా ఇంధనంగా వాడుకుంటుంది. లైసోజోమ్‌ను 1955లో గుర్తించిన బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్ 1963లో ఈ పనికి ఆటోఫజీ అని పేరు పెట్టారు. తెలుగులో స్వభక్షణ అని రాస్తున్నారు. కడుపు నిండా తిన్న రోజున కూడా ప్రతి కణంలోనూ ఇది కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. కణానికి శక్తినందించే మైటోకాండ్రియాల్లో పాతబడినవి, మడత తప్పిన ప్రోటీన్లు ఇలాగే తొలగిపోతాయి. ఆకలి వేసినప్పుడు ఈ పని జోరందుకుంటుంది.

ఆ జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి చేసిందేమిటంటే, ఈస్ట్ కణాలకు నత్రజని అందకుండా చేసి, వాటిలో ఈ సంచులు పోగుపడటాన్ని మైక్రోస్కోపు కింద చూశారు. తర్వాత ఆటోఫజీ చేతకాని ఈస్ట్ రకాలను వెతికి, అందుకు అవసరమైన జన్యువులను పట్టుకున్నారు. 1993లో అచ్చయిన ఆ పరిశోధనలో అలాంటి జన్యువులు 15 తేలాయి. 2016లో వైద్య నోబెల్ ఆయన ఒక్కరికే వచ్చింది. ఆ ప్రయోగంలో ఒక సంగతి మన వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఆటోఫజీ చేతనైన ఈస్ట్ ఆకలికి తట్టుకుని బతికింది, చేతకానిది చచ్చిపోయింది. అంటే ఆకలితో మేల్కొనే ఆటోఫజీ అన్నిటికన్నా ముందు బతికించే పని చేస్తుంది. దాన్ని మేల్కొలిపితే క్యాన్సర్ కణం చస్తుందని చెప్పేవారు, అదే నేర్పు క్యాన్సర్ కణానికీ ఉందన్న సంగతి మరిచిపోతున్నారు.

ఆకలి వేసిందని కణానికి ఎలా తెలుస్తుంది? ఇక్కడ మన భీమవరంలో పుట్టిన ఒకాయన పేరు వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టారు, మద్రాసులో వైద్యం చదివారు, హార్వర్డ్‌కు వెళ్లి సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. కండరంలో ఉండే ఏటీపీ అనే పదార్థాన్ని వాళ్లిద్దరూ 1929లో ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనిపెట్టారు. కణంలో జరిగే దాదాపు ప్రతి పనికీ ఖర్చయ్యే శక్తి ఈ ఏటీపీయే. ఇది తరుగుతుంటే ఏఎమ్‌పీకే అనే ఎంజైము ఆ తరుగును పసిగడుతుంది. పెరుగుదలకు సంబంధించిన పనులను ఆపించి, ఆటోఫజీకి పురమాయిస్తుంది. కణం పస్తును కొలిచే కొలమానం సుబ్బారావు చేతుల మీదుగా లోకానికి తెలిసిందన్నమాట. క్యాన్సర్ కథలో ఆయన ఇంకో చోట కూడా కనిపిస్తారు, కాసేపట్లో అక్కడికి వద్దాం.

ఇక చావు సంగతి. మొయినాబాద్ దగ్గరా, చేవెళ్లలోనూ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వాటిలో రెండో ఏడాది చదివే పిల్లలు పాథాలజీ పుస్తకం తెరవగానే ఎదురయ్యేది కణం గాయపడటం, కణం చావడం అన్న పాఠం. రోగాన్ని అర్థం చేసుకోవాలంటే కణం ఎలా చస్తుందో ముందు తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చచ్చిపోతుంటాయి. వాపు, చీము, నొప్పి ఏవీ లేకుండా ఇది జరిగిపోతుంది. కణం ముడుచుకుంటుంది, తన డీఎన్ఏను తానే ముక్కలు చేసుకుంటుంది, చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. పక్కనున్న కణాలు వాటిని తినేస్తాయి. ఈ పద్ధతి ప్రకారం జరిగే చావును జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలెస్టర్ కర్రీ అనే ముగ్గురు 1972లో వివరించి, అపోప్టోసిస్ అన్నారు. నేల మట్టిలో బతికే సీ ఎలిగన్స్ అనే చిన్న పురుగు ఎదిగే క్రమంలో 1,090 కణాలు పుడితే, వాటిలో సరిగ్గా 131 చచ్చిపోతాయి. ప్రతి పురుగులోనూ అవే కణాలు, అదే లెక్క. ఈ చావును నడిపే జన్యువులు ఉన్నాయని చూపినందుకు సిడ్నీ బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్స్టన్‌లకు 2002లో నోబెల్ దక్కింది.

క్యాన్సర్ అంటే కణాలు అదుపు లేకుండా పెరగడం అని మనం చిన్నప్పటి నుంచీ విన్నాం. అది సగమే. చావాల్సిన కణం చావకపోవడం మిగతా సగం. లింఫ్ గ్రంథుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్‌లో, 14వ క్రోమోజోమ్ ముక్క, 18వ క్రోమోజోమ్ ముక్క చోటు మార్చుకుని అతుక్కుంటాయి. ఆ అతుకు దగ్గర దొరికిన జన్యువుకు బీసీఎల్2 అని పేరు. అప్పటిదాకా తెలిసిన క్యాన్సర్ జన్యువులన్నీ కణాన్ని తొందరగా విభజించేవే. ఇదీ అలాంటిదే అనుకున్నారు. 1988లో ఆస్ట్రేలియాలో డేవిడ్ వాక్స్, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో అసలు సంగతి తేలింది. బీసీఎల్2 కణాన్ని పెంచడం లేదు, చావకుండా అడ్డుపడుతోంది. సుమారు సగం క్యాన్సర్లలో పీ53 అనే మరో జన్యువు పాడై ఉంటుంది. డీఎన్ఏ బాగుచేయలేనంతగా దెబ్బతింటే కణాన్ని చావు వైపు నడిపించడం దాని పని. అది లేకపోతే దెబ్బతిన్న కణం కూడా బతికిపోతుంది, పిల్లల్ని కూడా కంటుంది.

ఇది తెలిస్తే వైద్యం ఎందుకు మొండికేస్తుందో కూడా తెలుస్తుంది. కీమో మందుల్లో చాలావాటికీ, కరెంటు పెట్టడం అని మనం చెప్పుకునే రేడియేషన్‌కూ కణాన్ని దెబ్బతీయడం వరకే చేతనవుతుంది. ఆ దెబ్బ చాలు, ఇక ముగించుకుందాం అని తీర్మానించుకునేది చాలాసార్లు కణమే. ఆ తీర్మానం చేసే యంత్రాంగమే చెడిపోతే, ఎంత బలమైన మందైనా గాయం చేసి వదిలేస్తుంది.

సుబ్బారావు గారి దగ్గరికి మళ్లీ వెళ్దాం. తోబుట్టువును స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్న మనిషి ఆయన. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. ఇది రక్తం తయారీకి కావాలి, డీఎన్ఏ తయారీకి కావాలి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల పాథాలజిస్టు ఈ జాతి పదార్థాలను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా, జోరందుకున్నట్టు కనిపించింది. అక్కడ ఆయనకు తట్టిన ఆలోచన వైద్య చరిత్రను మార్చింది. విటమిన్ ఇస్తే జబ్బు పెరుగుతుంటే, ఆ విటమిన్‌ను అడ్డుకుంటే? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలినట్టే ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలను తయారు చేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దాని తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. ఫార్బర్ 1948 జూన్‌లో తన ఫలితాలు ప్రకటించారు. తీవ్రమైన ల్యుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు మందిస్తే, 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఆ జబ్బుకు మందు అన్నదే లేదు. రెండు నెలలు దాటగానే, అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ పిల్లలకు ఏం చేశారో గమనించండి. వాళ్లను పస్తు పెట్టలేదు. క్యాన్సర్ కణానికి అత్యవసరమైన ఒక్క విటమిన్ దారిని మూసేశారు. పస్తు పడాల్సింది కణం. మనిషికి తిండి సాగాల్సిందే. ఈ తేడాను గుర్తుంచుకుంటే ఈ ప్రసంగంలో మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

అయితే ఆ గెలుపు నిలవలేదు. కొన్ని నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. మన రైతుకు ఇది కొత్త కాదు. ఒకే పురుగుమందు ఏళ్ల తరబడి కొడితే, దానికి తట్టుకున్న పురుగులే మిగిలి, వాటి సంతానమే చేనంతా పరుచుకుంటుంది. గడ్డలో ఉన్న కోట్ల కణాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. మందును లోపలికి రానివ్వనివి కొన్ని, మందు గురిపెట్టిన ఎంజైమును రెట్టింపు, పదింతలు తయారు చేసుకునేవి కొన్ని. మెథోట్రెక్సేట్ విషయంలో ఈ రెండూ రుజువయ్యాయి. దీనికి 1960ల మొదట్లో అమెరికాలో వైద్యులు కనుగొన్న జవాబు ఒకేసారి నాలుగు మందులు ఇవ్వడం. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఇంకొకటి విన్‌క్రిస్టిన్, మన ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు మొక్క నుంచి తీసిన మందు. ఈ దారిలో ముందుకు సాగి, మంచి ఆసుపత్రుల్లో పిల్లల్లో వచ్చే సామాన్య రకం ల్యుకేమియా ఇవాళ పదిమందిలో తొమ్మిది మందికి నయమవుతోంది.

ఇంత చేసినా కొన్ని గడ్డలు ఎందుకు లొంగవు? ఈ ప్రశ్న దగ్గర ఆటోఫజీ మళ్లీ కథలోకి వస్తుంది. వింతేమిటంటే, మొదట్లో అది మన పక్షాన ఉంటుంది.

1999లో బెత్ లెవిన్ అనే అమెరికన్ వైద్యురాలి బృందం బెక్లిన్1 అనే జన్యువును రొమ్ము క్యాన్సర్ కణాల్లో పరిశీలించింది. ఆ కణాల్లో అది బాగా తక్కువగా ఉంది. దాన్ని తిరిగి పెంచితే ఆటోఫజీ పెరిగింది, ఎలుకల్లో గడ్డలు కట్టే గుణం తగ్గింది. 2003లో వచ్చిన రెండు పరిశోధనల్లో, ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పోయిన ఎలుకలకు క్యాన్సర్లు ఎక్కువగా వచ్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు. చెడిపోయిన మైటోకాండ్రియాలు కణంలో పేరుకుపోతే హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి, అవి డీఎన్ఏను గాయపరుస్తాయి. ఆ చెత్తను ఎప్పటికప్పుడు తీసేసే కణంలో క్యాన్సర్ పుట్టే అవకాశం తక్కువ. ఆరోగ్యవంతుడైన మనిషిలో ఆటోఫజీ మంచిదన్న మాటకు ఆధారం ఇదే.

గడ్డ ఒకసారి పుట్టి పెరిగాక లెక్క తిరగబడుతుంది. గడ్డ పెరిగినంత వేగంగా దానికి రక్తనాళాలు పెరగవు. నడిమధ్యన ఉన్న కణాలకు ఆక్సిజన్ అందదు, చక్కెర అందదు. అవి చావాలి కదా? చావవు. తమను తాము తిని నెట్టుకొస్తాయి. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ వైట్ బృందం ఈ సంగతిని ఏళ్ల తరబడి పరిశోధించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరుగుతున్న ఎలుకల్లో ఏటీజీ7 అనే ఆటోఫజీ జన్యువును తీసేస్తే, ప్రాణాంతకమైన గడ్డలు అంత ప్రమాదం లేని గడ్డలుగా మారాయి. పుట్టిన చోటు వదిలి రక్తంలో కొట్టుకుపోతున్న కణాన్ని చూసినా ఇదే. మామూలు కణం తన చోటు తప్పితే చస్తుంది. ఆ ఒంటరి ప్రయాణంలో కొంతసేపైనా బతకడానికి క్యాన్సర్ కణానికి ఆటోఫజీ తోడ్పడుతుంది.

కీమో మందు కూడా కణానికి ఒక రకం కరువే. మందు దెబ్బకు మైటోకాండ్రియాలు పాడవుతాయి, ప్రోటీన్లు వంకరపోతాయి, ఏటీపీ తరుగుతుంది. ఆటోఫజీ లేచి, పాడైన భాగాలను తొలగించి, నలిగిన కణాన్ని నిలబెడుతుంది. చాలా రకాల కీమో మందుల తర్వాతా, రేడియేషన్ తర్వాతా, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామోక్సిఫెన్ లాంటి హార్మోన్ మందుల తర్వాతా ఇలా జరగడం ప్రయోగశాలల్లో కనిపించింది. చంపడానికి ఇచ్చిన మందే కణం ప్రాణరక్షణను కూడా లేపుతోంది.

ఈ రెండు దారులూ వేర్వేరు కావని 2005లో తేలింది. చావును అడ్డుకునే బీసీఎల్2 ప్రోటీన్, ఆటోఫజీని మొదలుపెట్టే బెక్లిన్1ను కూడా పట్టి ఉంచుతుందని లెవిన్ బృందం చూపింది. ఆకలి వేళ ఆ పట్టు సడలుతుంది, ఆటోఫజీ లేస్తుంది. బతకడమా, చావడమా అన్న రెండు నిర్ణయాలూ కణంలో ఒకే ప్రోటీన్ చుట్టూ తిరుగుతున్నాయన్నమాట. లెవిన్ 2020లో, 60 ఏళ్ల వయసులో, తాను పరిశోధించిన రొమ్ము క్యాన్సర్‌తోనే చనిపోయారు.

ఈ జ్ఞానం మందుగా మారిందా? ఒక దారిలో మారింది. బీసీఎల్2ను కట్టడి చేసి, కణానికి చచ్చే సామర్థ్యాన్ని తిరిగి ఇచ్చే వెనెటోక్లాక్స్ అనే మాత్రకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. పీ53 ఉండే క్రోమోజోమ్ ముక్క పోయి, మామూలు కీమోకు లొంగని ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు మొదట దాన్ని ఇచ్చారు. పీ53 లేకపోయినా చావు తలుపును తెరిచే దారి అది.

రెండో దారి, అంటే ఆటోఫజీని మూసే దారి, ఇంకా సాగలేదు. ఇందుకు చేతికందిన మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియాకు, కీళ్లవాతానికి మన దగ్గర ఎప్పటి నుంచో వాడుతున్నదే. కోవిడ్ రోజుల్లో దాని పేరు వినని ఇల్లు లేదు. అది లైసోజోమ్‌లోకి వెళ్లి అక్కడి ఆమ్లగుణాన్ని తగ్గిస్తుంది. సంచి వచ్చి కలిసినా లోపలి సరుకు అరగదు. ప్రయోగశాలలో గిన్నెల్లో, ఎలుకల్లో ఫలితాలు ఆశ పుట్టించాయి. అమెరికాలో ముదిరిన క్లోమ క్యాన్సర్ ఉన్న 112 మందిలో సగం మందికి మామూలు కీమో, మిగతా సగం మందికి కీమోతో పాటు ఈ మాత్రలు ఇచ్చి చూశారు. ఫలితం 2019లో అచ్చయింది. గడ్డ తగ్గినవాళ్లు మాత్రలు వేసుకున్న గుంపులో 38 శాతం, వేసుకోని గుంపులో 21 శాతం. బాగుందే అనిపిస్తుంది. కానీ ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు మాత్రలు వేసుకున్న గుంపులో 41 శాతం, వేసుకోని గుంపులో 49 శాతం. గడ్డ చిన్నదైనా ఆయుష్షు పెరగలేదు.

ఎందుకని? ఆటోఫజీ గడ్డ సొత్తు కాదు కాబట్టి, అన్నది ఒక కారణం. వైట్ బృందం 2014లో ఎదిగిన ఎలుకల ఒంట్లో అంతటా ఏటీజీ7ను తీసేసింది. గడ్డలు నిజంగానే కుంచించుకున్నాయి. కానీ ఆ ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో, నరాల క్షీణతతో రెండు మూడు నెలల్లో చచ్చిపోయాయి. తిండి ఆపితే రక్తంలో చక్కెర పడిపోయి అంతకన్నా త్వరగా చచ్చిపోయాయి. గడ్డకు మాత్రమే తగిలేలా, కొద్దికాలం మాత్రమే ఆటోఫజీని ఆపే మందు కావాలి. ఏ క్యాన్సర్‌కు, ఏ జన్యు లోపం ఉన్న రోగికి అది పనికొస్తుందో ముందే తెలియాలి. పరిశోధన ఇప్పుడు అక్కడ ఉంది. అందుకని ఎవరూ ఆ మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. ఎక్కువ కాలం వాడితే అవి కంటి రెటీనాను దెబ్బతీయగలవు, గుండె లయను మార్చగలవు.

మూడో దారిలో మరో తెలుగు పేరు ఉంది. కన్నెగంటి తిరుమలాదేవి కొత్తగూడెం ఆడబిడ్డ. సింగరేణి మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశారు. అమెరికాలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో 2007లో చేరారు. అపోప్టోసిస్‌లో కణం సద్దు లేకుండా పోతుందని ఇందాక చెప్పుకున్నాం. పగిలిపోయి, లోపలి సరుకును బయటకు చిమ్మి, రోగనిరోధక వ్యవస్థను పిలిచే చావులు కూడా ఉన్నాయి. ఇవి విడివిడి దారులని చాలాకాలం అనుకున్నారు. ఒక దారి మూస్తే కణం మరో దారిలో చావగలదనీ, వీటిని కలిపి నడిపే ప్రోటీన్ల కూటమి ఉందనీ తిరుమలాదేవి బృందం చూపి, దానికి 2019లో పాన్‌ఆప్టోసిస్ అని పేరు పెట్టింది. 2021లో వచ్చిన వాళ్ల పరిశోధనలో, ఈ చావును అణచిపెట్టే ఒక ప్రోటీన్ బయటపడింది. ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను మరో మందుతో కలిపి ఇచ్చి ఆ అణచివేతను దాటితే, ఎలుకల్లో చర్మ క్యాన్సర్ గడ్డలు తగ్గాయి. ఇది ఇంకా మనుషులకు చేరాల్సిన వైద్యం. అపోప్టోసిస్ తలుపు మూసుకున్న మొండి కణానికి వేరే తలుపు ఉందన్న ఆశ మాత్రం బలంగా ఉంది. ఇందులోనూ మెలిక లేకపోలేదు. కణాలు పగిలే చోట వాపు ఎక్కువ కాలం నిలిస్తే, ఆ వాపే గడ్డ పెరగడానికి సాయపడుతుంది.

ఇప్పుడు ఒక్కపొద్దుల సంగతి. శనివారాలు, ఏకాదశి, శివరాత్రి, రంజాన్ రోజాలు మన బతుకులో భాగం. ఆరోగ్యంగా ఉన్నవారు వాటిని పాటించడం గురించి నేనేమీ అనడం లేదు. క్యాన్సర్ వైద్యంలో ఉన్నవారి పరిస్థితి వేరు. గడ్డ ఉన్న మనిషికి జబ్బు వల్లే కండ కరుగుతుంది. దానికి తిండి మానడం తోడైతే బరువు పడిపోతుంది. బరువు గానీ, రక్తకణాల లెక్క గానీ బాగా పడిపోతే డాక్టర్లు కీమో సైకిల్‌ను వాయిదా వేస్తారు, లేదా డోసు తగ్గిస్తారు. డోసు తగ్గితే, వారాలు జారితే, లాభపడేది గడ్డే. షుగర్ మాత్రలు వేసుకునేవారు పస్తుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కీమో రోజుల్లో తక్కువ తిండి మేలు చేస్తుందా అన్న ప్రశ్న మీద నెదర్లాండ్స్, ఇటలీ లాంటి దేశాల్లో పరిశోధనలు జరిగాయి, జరుగుతున్నాయి. అవి ఎంచుకున్న రోగుల మీద, లెక్కగట్టిన ఆహారంతో, వైద్యుల కళ్లెదుట జరిగేవి. ఇంట్లో ఎవరికి వారు అన్నం మానేయడానికి అవి అనుమతి పత్రాలు కావు. రోజా విషయంలో రోగులకు మినహాయింపు మతమే ఇచ్చింది. వ్రతాల విషయంలోనూ మన పెద్దలు రోగిని ఎన్నడూ బలవంతపెట్టలేదు.

కాబట్టి గుడ్డు, పప్పు, పెరుగు, చేప, ఏది సహిస్తే అది తినండి. నోరు పూసి మింగలేకపోతుంటే జావలా చేసుకుని, కొద్దికొద్దిగా ఎక్కువ సార్లు తీసుకోండి. విటమిన్ మాత్రలైనా, ఆకుపసరైనా, పొడులైనా వేసుకునే ముందు డాక్టరుకు చెప్పండి. ఫోలిక్ ఆమ్లం సంగతి విన్నారు కదా. మంచి విటమినే, మెథోట్రెక్సేట్ వాడేవారికి మాత్రం ఎప్పుడు, ఎంత ఇవ్వాలో డాక్టరే లెక్కగట్టాలి. చేవెళ్ల, మొయినాబాద్ నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి దూరాభారం కాదు. రొమ్ములో గడ్డ, నోట్లో మానని పుండు, నెలసరి ఆగాక కనిపించే రక్తం, వీటిలో ఏది ఉన్నా పస్తులతో వారాలు గడపకుండా చూపించుకోండి. చిన్నగా ఉన్నప్పుడే దొరికిన గడ్డలో మందుకు తట్టుకునే కణాలు పుట్టడానికి వ్యవధి తక్కువ.

ఇక ఫోన్లో వచ్చే వీడియోల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఫలానాది క్యాన్సర్ కణాలను చంపుతుందని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు వేయండి. ఎక్కడ చంపింది, గిన్నెలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? మనిషిలో అయితే గడ్డ తగ్గిందా, లేక మనిషి ఎక్కువ కాలం బతికాడా? ఆ మనుషులు మామూలు వైద్యం మానేసి అది తీసుకున్నారా, వైద్యంతో పాటు తీసుకున్నారా? గిన్నెలోనూ ఎలుకలోనూ గెలిచిన హైడ్రాక్సీక్లోరోక్విన్, 112 మంది మనుషుల దగ్గర రెండో ప్రశ్నకే ఆగిపోయింది. ఆ పరీక్షకు నిలవని మాట కోసం మీ ఇంట్లో రోగి అన్నం మానకూడదు.